ఎవడీ కొడుకు?

కొత్త రౌటరును పెట్టెలోంచి తీసి గోడకు బిగించాడు.

పాత పేరే పెట్టాడు. పాత పాస్‌వర్డే ఉంచాడు. ఇంట్లోవన్నీ వాటంతటవే వచ్చి అంటుకున్నాయి.

ఫోన్లో వాటి జాబితా తెరిచాడు. తన ఫోను. టీవీ. నాన్న మంచం పక్కనుండే బెల్లు.

ఇంకొకటి. దాని పేరు 'కొడుకు'.

"ఎవడీ కొడుకు?" అన్నాడు పైకే.

ఆ ఇంటికి కొడుకు తనొక్కడే. తన ఫోనుకు ఆ పేరు లేదు.

ఇంటి దొంగను ఈశ్వరుడు పట్టలేకపోవచ్చు, రౌటరు పట్టిస్తుంది అనుకుని ఒక్క నొక్కు నొక్కాడు. కొడుకు బయటికి పోయాడు.

కాసేపటికి తలుపు చప్పుడైంది. వెనక వాటాలో అద్దెకుండే దర్జీ. మెడలో టేపు కూడా తీయలేదు.

"బాబూ, నా ఫోన్లో నెట్ ఆగిపోయింది."

"నీ ఫోన్ పేరేంటి?"

"కొడుకు."

"బాగానే పెట్టుకున్నావ్. ముందు 'దొంగ' ఒక్కటే తగ్గింది."

"నేను పెట్టలేదు బాబూ. పెద్దాయన పెట్టించారు. పాస్‌వర్డూ ఆయనే..."

"మంచం దిగలేని మనిషి పిలిచి పాస్‌వర్డ్ ఇచ్చాడా? సినిమాలకి మా నెట్టే దొరికిందా నీకు? ఊరికే వస్తే ఫినాయిలైనా తాగే రకం!"

"సినిమాలకి కాదు బాబూ. ఒక్కసారి ఆయన్ని అడగండి."

"పడుకున్నారు. ఇంకోసారి మా గడప తొక్కావంటే పోలీసులొచ్చి అడుగుతారు."

నాన్న గదివైపు చూశాడు దర్జీ. ఏదో అనబోయాడు. తలుపు మొహాన పడింది.

నాన్నను అడగలేదు. ఆ ఇంట్లో అడగడాలు తక్కువ.

బెల్లు కొన్నది తనే. నాన్న నొక్కితే ఫోను మోగేది. ఆఫీసులో అందరూ తలలు తిప్పి చూసేవాళ్ళు. పరువు పోతోందని తన ఫోన్లోంచి దాన్ని తీసేశాడు. పొద్దున పనిమనిషి అన్నీ అందేలా పెట్టి పోతుందిగా, ఇంకేం కావాలి అనుకున్నాడు.

మర్నాడు సాయంత్రం వచ్చేసరికి నాన్న నేలమీద ఉన్నాడు.

మంచానికీ గోడకూ మధ్య ఇరుక్కుని ఉన్నాడు. ఒక కాలు వేరే ఎవరిదో అన్నట్టు తిరిగిపోయి ఉంది. పెదవులు ఎండి పగిలాయి. బెల్లు మాత్రం పిడికిట్లోనే ఉంది.

అతను పక్కనే కూర్చుని ఫోను తీశాడు.

"ఎప్పుడు పడ్డావ్ నాన్నా?"

"నువ్వటు వెళ్ళావ్. నేనిటు పడ్డాను."

"ఎవర్నీ పిలవలేకపోయావా?"

"బెల్లు కొడుతూనే ఉన్నాను."

"అది నా ఫోన్‌కి రాదు కదా నాన్నా!"

"తెలుసు. నీకు కొట్టలేదు."

అంబులెన్సుకు నొక్కబోతున్న వేలు గాల్లోనే ఆగింది.

నాన్న అతని చెయ్యి పట్టుకున్నాడు.

"రెండేళ్ళుగా తన ఫోన్లో నా బెల్లు మోగగానే కుడుతున్న గుడ్డ వదిలేసి వచ్చి, నన్నెత్తి, కడిగి, పడుకోబెట్టి పోయేది ఆ దర్జీయేరా, ఇవాళ రాలేదంటే వాడికేదో అయ్యుంటుంది, ముందు వెళ్ళి వాణ్ణి చూసిరా."