వీడ్కోలు ఒప్పందం

సాగనంపడానికి మనుషుల్ని కుదుర్చుకోవడం మామూలైపోయిన రోజులవి. రాజమండ్రి స్టేషన్లో అదే పని చేసే హైమకు ఆ ఉదయం చిక్కొచ్చింది. తనను కుదుర్చుకున్న భుజంగరావుగారి బండి కదిలే వేళకే మూడో ప్లాట్‌ఫారం నుంచి సొంత చెల్లెలు కస్తూరి వెళ్లిపోతోంది.

"బాబుగారూ, నా బదులు ఇంకో మనిషిని పెడతాను, ఒప్పుకోండి," అని కిటికీ దగ్గర బతిమాలింది.

"పని వేరేవాళ్లకి అప్పగించకూడదని రాసుకున్నాం కదమ్మా! బండి మలుపు తిరిగేదాకా నామీంచి చూపు తిప్పకూడదని కూడా ఉంది."

ఇంతలో కస్తూరే పరుగున వచ్చి హైమ ఎడమచెయ్యి పట్టుకుంది.

"నావైపు చూడకే అక్కా, పని పోతుంది. ఊపు."

బండి కదిలింది. హైమ కుడిచెయ్యి ఊపింది. మూడో ప్లాట్‌ఫారంలో కూత వినబడింది. ఎడమచేతిలోంచి చెల్లెలి వేళ్లు జారిపోయాయి. హైమ భుజంగరావుగారికేసి చూసి నవ్వుతూనే ఉంది.