రెండో తాళంచెవి

"మీ ఇద్దరిలో ఎవరో ఒకరు తాళంచెవి నాకిచ్చేయండి," అన్నాడు తనిఖీకి వచ్చిన అధికారి.

ఆస్పత్రి నేలమాళిగలోని ఆ ఇనుప తలుపుకు రెండు తాళాలు. లోపల సీసపు పెట్టెలో, పాత కేన్సర్ యంత్రం నుంచి తీసిన రేడియోధార్మిక పదార్థం ఉంది. అది దొంగల చేతిలో పడితే ఎందరి కొంప మునుగుతుందో చెప్పలేం. అందుకే ఏ ఒక్కరి వల్లా ఆ తలుపు తెరుచుకోకూడదని సర్కారు నియమం. ఒక తాళంచెవి స్టోర్‌కీపర్ దగ్గర, రెండోది టెక్నీషియన్ దగ్గర. రోజూ ఉదయం ఇద్దరూ కలిసి తెరిచి, సీలు చూసి, సంతకాలు పెట్టాలి. అంతా పద్ధతిగానే జరుగుతోంది. చిక్కల్లా ఒకటే, వాళ్ళిద్దరూ మొగుడూ పెళ్ళాం.

"మాకు ఈ పని అప్పగించినప్పటికి పెళ్ళి కాలేదండీ," అన్నాడు స్టోర్‌కీపర్ తల గోక్కుంటూ.

"ఇప్పుడైంది కదా. రెండు తాళంచెవులూ ఒకే ఇంట్లో పడుంటే ఇక రెండు తాళాలెందుకయ్యా? ఒకటి చాలదూ?"

టెక్నీషియన్ ఇదేమీ పట్టనట్టు సీలు నంబరు సరిచూసి, రిజిస్టరు భర్త ముందుకు జరిపింది.

"బీపీ మాత్ర వేసుకున్నారా?"

"ఊఁ."

"బాగుంది, సంసారం ఇక్కడిదాకా వచ్చేసింది," అధికారి నవ్వాడు. "అమ్మా, మీరిచ్చేయండి. దీంతో మీకు ఒరిగేదేం లేదు, తలనొప్పి తప్ప."

"ఇవ్వనండి."

"పోనీ, మీరు?"

"నేనూ ఇవ్వనండి."

అధికారి మొహంలో నవ్వు పోయింది. ఈ బాధ్యత వదిలించమని కాళ్ళావేళ్ళా పడేవాళ్ళనే ఇన్నేళ్ళూ చూశాడు గానీ, ఇలా పట్టుకు వేలాడేవాళ్ళను చూడలేదు. అనుమానం రాకేం చేస్తుంది? పెన్ను తీశాడు.

"కారణం చెప్పండి. లేదంటే రెండూ లాక్కుని పోలీసులకు రాస్తాను. ఇద్దరి ఉద్యోగాలూ పోతాయి."

స్టోర్‌కీపర్‌కు భయమేసింది. భార్య వైపు చూసి తల దించుకున్నాడు.

ఆమె తాళంచెవిని గుప్పిట్లో బిగించింది.

"నేను పుట్టింటికి వెళ్ళిపోయి నాలుగు నెలలైంది సార్. రోజుకోసారి ఈయన్ను చూడ్డానికి నాకు ఈ తలుపొక్కటే మిగిలింది."