గుంత మీద నేల

"మన్ను పొయ్యే పన్లేదమ్మా. సిమెంటు లేదు, ఇసుక లేదు. పొద్దుగూకే లోపల దాని మీద నడవొచ్చు," అన్నాడు జయరాం.

గిరిజమ్మ తలుపు పూర్తిగా తెరవలేదు. ఎమ్మిగనూరు బస్టాండు దగ్గర ఆమెది ఉగ్గాని బజ్జీల బండి. బండి మూసి అప్పుడే ఇంటికి వచ్చింది. చేతులకు ఇంకా శనగపిండి ఉంది.

"యాడ నుంచి వచ్చినావప్పా?"

"ఆదోని. ఇండ్లకు ఎత్తు నేల వేసే దుకాణంలో పని. వీధికి ఒక ఇల్లు ఊరికే వేసి సూపిస్తాండాం. నలుగురు సూస్తే నలుగురు కొంటారని."

"ఊరికే ఇచ్చేటోళ్లను సూస్తేనే నాకు బయం."

"రూపాయి ఇయ్యొద్దు. సంతకం కూడా ఒద్దు."

వాకిట్లో ఆటో దించి వెళ్లిన పలకల కట్టలు, ప్లాస్టిక్ కాళ్ల గోతం ఉన్నాయి. ఎదురింటి అరుగు మీద కూర్చున్న హులిగమ్మ అతన్ని చూసి లేచింది. లోపలికి పోయింది.

గిరిజమ్మ కోడలు రజిని పాపను చంకన వేసుకుని వచ్చింది. పాపకు పది నెలలు.

"రానీ అత్తా. సూపిస్తానంటాడు కదా."

ముందు గది మధ్యలో మగ్గం గుంత ఉంది. నేతగాడు కాళ్లు లోపలికి దించుకుని కూర్చునే గుంత. మగ్గం లేదు. గుంత మీద పాత తలుపు చెక్క, చెక్క మీద రుబ్బురోలి పొత్రం. చెక్క ఒక మూల పైకి లేచి ఉంది. జయరాం ఆ మూల మీద కాలు పెట్టి నొక్కాడు. కాలు తీయగానే మళ్లీ లేచింది.

"మేం నేసేటోళ్లం కాదప్పా," అంది గిరిజమ్మ. "మొన్న ఉగాదికి దిగినాం ఈ ఇంట్లోకి. గుంతలో మన్ను పొయ్యొద్దని ఇల్లు బాడిగకిచ్చినాయన సెప్పినాడు. మగ్గమాడిన గుంత పూడిస్తే నేసినోళ్ల నోట్లో మన్ను కొట్టినట్టంట."

"ఈడ అందరూ అదే అంటారు."

"అయినా నాకు అక్కరకొస్తాంది. ఉగ్గానిలోకి కోసే ఎర్రగడ్డలు సల్లగా ఉంటాయి దాంట్లో."

"వానలు పడితే నీళ్లు ఊరతాయమ్మా. మోకాలి పైదాకా."

"నీకెట్ల తెలుసు?"

"మగ్గం గుంతలన్నిట్లో ఊరతాయి."

రజిని పాపను ఇంకో చంకకు మార్చుకుంది. "పొద్దున సెక్క దాకా పాక్కుంటా పోయింది అత్తా. నేను పొయ్యి కాడ ఉండాను."

"పోను సూస్తా కూసుంటే పోదా మల్ల?"

రజిని పాప అరచేతులకంటిన దుమ్ము దులిపింది.

"బయట తీగ మీద పసిబిడ్డ గుడ్డలు కనిపించినాయి," అన్నాడు జయరాం. "అందుకే తలుపు తట్టినా."

గిరిజమ్మ చెక్క వంక చూసింది. "నా ఎర్రగడ్డలు యాడ పెట్టాల?"

"మంచం కింద పెట్టుకో."

"మంచం కింద మా ఆయన సీసాలు పెట్టినాడు. వాటిని యాడ పెట్టాల?"

రజిని నవ్వింది. జయరాం నవ్వలేదు. చేతిలో నేల వాలు చూసే రసమట్టం పట్టుకుని అలాగే నిలబడ్డాడు.

"బాడిగకిచ్చినాయన ఏమంటాడో," అంది గిరిజమ్మ.

"నేలకు మేకు కొట్టను. గుంతలో పిడికెడు మన్ను పడదు. నచ్చకపోతే వారానికి వచ్చి విప్పుకుని పోతా."

"సరే కానీ. వారం."

ఎర్రగడ్డలు పైకి తీశారు. బుట్టన్నర అయ్యాయి. జయరాం తలుపు చెక్కను ఈడ్చుకుపోయి పెరట్లో పడేశాడు. రెండడుగులకొక ప్లాస్టిక్ కాలు నిలబెట్టాడు. ఒక్కో కాలి తల తిప్పి ఎత్తు సరిచేశాడు. గుంతకు అడ్డంగా వేయడానికి రెండు ఇనుప పట్టీలు ఆదోనిలోనే కోయించి తెచ్చాడు. అవి ఇటు అంగుళం, అటు అంగుళం ఆనుకుని కూర్చున్నాయి.

"కొలత ఎవరిచ్చినారు?" అంది గిరిజమ్మ.

"గుంతలన్నీ ఒకటే కొలత."

పలకలు ఒకదాని అంచులో ఒకటి పెట్టి అరచేత్తో కొట్టాడు. కొట్టినప్పుడల్లా బిగిశాయి. గుంత మీదికి వచ్చిన నాలుగు పలకలకు మాత్రం మూల మూలకూ మరమేకులు బిగించాడు. బిగించినవాటిని మళ్లీ ఒకసారి బిగించాడు.

"మిగతావి ఎప్పుడైనా తీసి ఊడ్సుకోవచ్చు. ఈ నాలుగూ తీయొద్దు."

"ఏం?"

"తీయొద్దమ్మా."

నాలుగు గంటలకు గది నిండింది. నేల గడప ఎత్తుకు వచ్చింది. గిరిజమ్మ ఆ చివర నుంచి ఈ చివరకు నడిచింది. ఇంత బరువు మోసిందంటే మంచిదే అంది.

"పాపను దించు సెల్లెమ్మా," అన్నాడు జయరాం.

రజిని దించింది. పాప నాలుగు పలకల దాకా పాకింది. ఆగింది. అరచేత్తో నేలను కొట్టింది. కింద బోలుగా చప్పుడైంది. చప్పుడు బాగుందేమో, ఇంకా కొట్టింది. జయరాం పనిముట్లు సంచిలో వేసుకున్నాడు. ఒక మరమేకు మిగిలింది. దాన్ని జేబులో వేసుకున్నాడు.

"టీ తాగి పో అన్నా," అంది రజిని. "నీకు పిల్లోళ్లెంతమంది?"

"ఆదోని బస్సు ఎన్నింటికి సెల్లెమ్మా?"

"అర్ధగంటకొకటి ఉంటాది."

గిరిజమ్మ గడప దాకా వచ్చింది. "ఇంత పెద్ద వీధిలో మా ఇల్లే దొరికిందా అప్పా మీ దుకాణమోళ్లకు?"

జయరాం చెప్పులు వేసుకున్నాడు. సంచి భుజానికి తగిలించుకుని బస్టాండు వైపు నడిచాడు.

రెండేళ్ల కిందట ఆ ఇంట్లో తన మగ్గం విప్పేసి, గుంతను మాత్రం పూడ్చనివ్వనిదీ, ఆ శ్రావణంలో ఊరిన నీళ్లలో నుంచి కూతురు లావణ్యను ప్రాణం పోయాక పైకి తీసిందీ జయరామే.