చివరి స్థానంలో కుందేళ్లు

వానలు తగ్గగానే అడవిలో బంతాట మొదలైంది. వెలగకాయను చెట్టు తొర్రలోకి విసరాలి. ఎక్కువసార్లు వేసిన జట్టుదే గెలుపు. ఒక్కో జట్టు ఇంకా ఒక్క ఆటే ఆడింది. అప్పుడే కొమ్మ మీద చిలుకా గోరింకా గొంతులు చించుకుంటున్నాయి.

"ఈ ఏడు మొదటి స్థానం కోతులదే," అంది చిలుక.

"ఎలుగులు ఉండగా కోతులెక్కడ?" అని గోరింక ఎగిరిపడింది.

కుందేళ్లు చివరన ఉంటాయన్న ఒక్క మాట మీదే రెండింటికీ రాజీ కుదిరింది.

కింద కాయ విసరడం సాధన చేస్తున్న కుందేళ్ల నాయకురాలు తెల్లి ఆ మాట విని తలెత్తింది. "చిలకక్కా, గోరింకన్నా, మొన్నటి ఆటలో మేమేం తప్పు చేశాం? చెబితే దిద్దుకుంటాం," అని అడిగింది.

చిలుక గోరింక వైపు చూసింది. గోరింక ఆకుల వైపు చూసింది. ఆ ఆటను రెండూ చూడనేలేదు.

సిగ్గుపడి ఆ సాయంత్రం కుందేళ్ల ఆటకు వెళ్లాయి. ఎదుటి జట్టు ఎలుగులు. తెల్లి కాయ అందుకుని, ఎలుగు కాళ్ల సందులోంచి దూరి తొర్ర ముందుకు చేరింది. తనే వేసెయ్యొచ్చు. కానీ తొర్రకు ఇంకా దగ్గరగా నిలబడ్డ చెల్లెలికి, పక్కకు చూడకుండానే కాయ అందించింది. చెల్లెలు వేసేసింది.

"అబ్బ, ఏం ఆట!" అని చిలుక గంతేసింది.

చివరికి ఒక్క కాయ తేడాతో ఎలుగులే గెలిచాయి. అయినా వాటి నాయకుడు రొప్పుతూ తెల్లి దగ్గరికొచ్చి, "రేపు తీరికుంటే ఆ విద్య మాకూ నేర్పమ్మా," అని అడిగాడు.

ఎలుగులు గెలిచాయన్న సంగతే మరిచిపోయి, గోరింక ఇంకా తెల్లి పేరే అరుస్తోంది.