ఒక్క ఓటు తేడా

“దేవుడు ఈ మనిషికి నోరిచ్చి మూత ఇవ్వడం మరిచిపోయాడు,” అంది రఖియా పక్కన కూర్చున్న పరాయావిడతో.

కాసాబ్లాంకాలో కార్మిక తనిఖీ అధికారి గది ముందున్న బెంచీ అది. రఖియా భర్త బుషైబ్ అక్కడికి వచ్చినవాళ్ళనీ పోయేవాళ్ళనీ ఆపి తన గోడు చెబుతున్నాడు.

“ఒక్క ఓటన్నా! కార్మిక ప్రతినిధి ఎన్నికలో ఒక్క ఓటుతో ఓడిపోయాను. అంతకు ముందు శుక్రవారం వర్క్‌షాపంతా మా ఇంట్లో కుస్‌కుస్ తిన్నారు. ‘వల్లాహి, అల్లా మీద ఒట్టు, ఓటు నీకే బుషైబ్’ అన్నారు. తిన్న చేత్తోనే ముంచారు!”

“మాంసం తక్కువైందేమో,” అన్నాడొక ముసలాయన.

బుషైబ్, అల్లాల్ ఒక బట్టల వర్క్‌షాపులో ఇస్త్రీ పనివాళ్ళు. ఒకే నెలలో చేరారు, ఇద్దరికీ పిల్లలు ముగ్గురేసి. రఖియా అక్కడే గుండీలు కుడుతుంది. ఎన్నికలో అల్లాల్ గెలిచాడు. తరవాత స్పెయిన్ ఆర్డర్లు తగ్గాయి. రెండు ఇస్త్రీ బల్లల్లో ఒకటి ఎత్తేస్తున్నానని యజమాని హాజీ చెప్పాడు. ఆ బల్ల బుషైబ్‌దే అయింది.

లోపలికి పిలిచారు. అధికారి నడివయసావిడ.

“అమ్మా, అల్లాల్ నిలబడి నిద్రపోతాడు. వాణ్ణుంచి నన్ను తీసేయడం ఏం న్యాయం?”

“నిద్రపోయినా ప్రతినిధే కదయ్యా. ప్రతినిధిని తీసేయాలంటే హాజీకి నా సమ్మతి కావాలి. అడిగాడు, ఇవ్వలేదు. నిన్ను తీసేయడానికి మాత్రం గవర్నరు దగ్గర పద్ధతి ప్రకారం అనుమతి తెచ్చుకున్నాడు. నీకు రావలసిన పరిహారం ఇప్పిస్తాను. ఉద్యోగం ఇప్పించలేను.”

“అదే నేను గెలిచుంటే?”

“ఈ కుర్చీలో ఇవాళ అల్లాల్ కూర్చునేవాడు.”

పోదాం పదమంటూ రఖియా లేచింది.

ప్రతినిధి అంటే హాజీ కంట్లో నలుసు, వేటు ముందు వాడి మీదే పడుతుందని వాడకట్టులో అందరూ అనేవాళ్ళు. రఖియానే రోజూ మొగుడి చెవిలో ఆ మాటే పోరింది. “పిరికిదానా! పేరిచ్చాక వెనక్కి తగ్గితే బజార్లో తలెత్తుకోగలనా?” అని ఎగిరిపడేవాడు బుషైబ్. అలాంటివాళ్ళకు చట్టం గొడుగు పడుతుందని ఆ ఇంట్లో ఎవరికి తెలుసు?

దారి పొడుగునా అతను ఆ ఓటు వెనకే పడ్డాడు.

“పద్దులు రాసే హమ్ము కాదు, వాడికి హాజీ అంటే మంట. మిషను దగ్గర మీనా! ఆవిడే. వాళ్ళాయన హాజీకి చుట్టం, హాజీ మాట విని అల్లాల్‌కు వేసుంటుంది. పద, ఇప్పుడే వాళ్ళింటికి పోదాం. మొగుడి ముందే కడిగేస్తాను.”

“ఇప్పుడు అడిగితే ఏమొస్తుంది? ఇంటికి పోదాం పద.”

“మన పొయ్యార్పిన మనిషెవరో నాకు తెలియాలి!”

మీనా వాళ్ళ సందు మొదట్లో పుదీనా కట్టలమ్మే ఆమెను దాదాపు తొక్కుకుంటూ వెళ్ళాడు. “కళ్ళు ఇంట్లో పెట్టొచ్చావా బుషైబ్?” అని అరిచిందామె. అతను ఆగలేదు. మీనా గుమ్మం కనబడుతోంది. ఏ పాపమూ ఎరగని మనిషి, మొగుడి ముందు మాట పడబోతోంది.

రఖియా పరుగెత్తి చొక్కా పట్టుకుంది.

“ఆమె కాదు.”

“నీకెలా తెలుసు?”

“నేనే.” ఆమె చొక్కా వదిలేసింది. “నువ్వు గెలిస్తే నిన్ను తీసేస్తారని భయమేసింది. తెర వెనక్కి వెళ్ళి అల్లాల్‌కు వేసొచ్చాను. తిట్టు. కొట్టినా సరే.”

ఊరంతా వినేలా అరుస్తాడని తల వంచుకుని నిలబడింది. బుషైబ్ అరవలేదు. మూసి ఉన్న కొట్టు మెట్టు మీద కూలబడి రెండు చేతుల్లో మొహం దాచుకున్నాడు.

“ఏదైనా అనవయ్యా. ఇలా ఉంటే నాకు భయమేస్తోంది.”

“తప్పు నాదే రఖియా.”

“నీదేమిటి?”

“నాకూ భయమేసింది. నేనూ అల్లాల్‌కే వేశాను.”