గాలి తగ్గిన పందెం

"మళ్ళీ కొలిచావా నాన్నా?"

వాకిట్లో కారు దిగిన డ్రైవరు, కూతురి మొహం చూడలేక చక్రం వైపు చూశాడు.

"కొలిచానే. టైర్లకి నిండా గాలి కొట్టించి, ఖాళీ బండితో పోయాను. నిన్న మీరు పరిగెత్తింది అయిదు కిలోమీటర్లు కానే కాదు. గీత దాటి, ఆ వీధి మలుపు తిరిగాకగాని మీటరు మీద అయిదు పడలేదు."

పందెం దారి కొలిచే పని స్కూలువాళ్ళు ఏరికోరి అతనికే అప్పజెప్పారు. పందెం ముందురోజు కొలిచాడు. వెనక సీట్లో డ్రిల్లు మాస్టారు. ఆయన ఎక్కితే కారు మోకాళ్ళ మీద కూర్చుంటుంది, దిగితే "హమ్మయ్య" అని లేస్తుంది. డిక్కీ నిండా సున్నం బస్తాలు. మీటరు అయిదు చూపించినచోట సున్నంతో గీత గీశారు. తీరా దిగి చూస్తే నాలుగు టైర్లూ మెత్తగా ఉన్నాయి, వాల్వుల మూతలు లేవు. ఏ కోతిమూక పనో అని తిట్టుకుని ఊరుకున్నాడు.

"బరువెక్కి, గాలి తగ్గితే చక్రం అణిగి చిన్నదవుతుంది. చిన్న చక్రం ఎక్కువసార్లు తిరుగుతుంది. మీటరుకేం తెలుసు? తిరిగినదల్లా దూరమే అనుకుంటుంది. బండి కడిగేటప్పుడు నీకు చెప్పాను కదూ?"

"చెప్పావు," అంది పిల్ల.

గుమ్మంలోంచి తల్లి అందుకుంది. "నిన్నట్నుంచి ముద్ద ముట్టలేదండీ ఇది! చివర్లో ఊపిరందదు, ఊపిరందదు అని నెల్లాళ్ళు ఏడ్చిందా? తీరా చివర్లోనే గుర్రమైపోయింది. ఇంకో నాలుగు బారలుంటే ఆ పొడుగుకాళ్ళ పిల్లని దాటేసేది. పెద్ద పోటీకి ఇదే వెళ్ళేది."

డ్రైవరు కన్నకూతురి గెలుపుని తన చేత్తోనే కత్తిరించేశాడు.

"తప్పు నాదేనమ్మా. మాస్టారికి ఇప్పుడే చెప్పేస్తాను. పందెం మళ్ళీ పెట్టమని కాళ్ళావేళ్ళా పడతాను."

"వద్దు నాన్నా!"

"వద్దేమిటే? గాలి చూసుకోని డ్రైవరు డ్రైవరేనా? పదిమందిలో తిట్టనీ, పడతాను."

అతను కారు తలుపు తీశాడు. పిల్ల పరుగున వచ్చి చొక్కా పట్టుకుంది. ఏడుస్తూ, బిగించిన గుప్పిట అతని ముందు విప్పింది.

అందులో నాలుగు వాల్వు మూతలు.