కోడలి చేతిపని

"ఇవన్నీ మా కోడలి చేతిపనే" అని సరస్వతమ్మ గోడ వైపు చెయ్యి చూపించేసరికి, జానకమ్మ చేతిలో తాంబూలం తట్ట ఒరిగిపోయింది.

గోడకు దారం కట్టి, దాని పొడుగునా కార్డులు తగిలించారు. ఉగాదికిచ్చే కార్డు, దీపావళి కార్డు, పెండ్లి కార్డు, బిడ్డ పుట్టిన ఇంటికి ఇచ్చే తొట్టెల కార్డు. ఆ తొట్టెల కార్డులో అట్ట కత్తిరించి చేసిన ఉయ్యాల వేలు తగిలితే ఊగుతుంది. పాత పట్టుచీర అంచులోంచి జరీ పోగులు లాగి, తుమ్మబంకతో అతికించిన చిలకలు. ఒక్క చిలక అతికేసరికి నడుం పడిపోతుంది. ఆ సంగతి జానకమ్మకు కాక ఇంకెవరికి తెలుస్తుంది? చేసింది ఆమె. నంద్యాలలో వాళ్ళ నాయన నరసింహులు అంగట్లో అమ్మే కార్డులన్నీ ఆమె చేసినవే.

ఇక్కడేమో ఆళ్లగడ్డ ఆడవాళ్ళంతా ఆమె చిన్నాయన కూతురు రంగనాయకమ్మను పొగుడుతున్నారు. ఈ రోజు తాంబూలాలు మార్చుకునేది ఆ పిల్లకే.

"ఎంత ఓపికమ్మా నీకు" అంది ఒకామె.

రంగనాయకమ్మ కాదనలేదు. పైగా సిగ్గుపడి తల వంచుకుంది. ఆ సిగ్గు చూసి జానకమ్మకు ఒళ్ళు మండిపోయింది. చెయ్యి పట్టుకొని పెరట్లోకి లాక్కుపోయింది.

"ఏందే ఇది?"

"గట్టిగా మాట్లాడొద్దుక్కా."

"కత్తెర పట్టుకునేది వచ్చునా నీకు? బంక యాడ పూస్తారో తెలుసునా?"

"నేనేం చెప్పలేదక్కా. పెండ్లిచూపులప్పుడు అత్తే నా చేతులు పట్టుకొని, ఎంత బాగ చేసినావే అనె. అందరూ నన్నే చూస్తాండారు. కాదని యెట్ల చెప్పేది?"

"నోటితో చెప్పేది."

"చెప్తే సంబంధం పోతాదక్కా. ఆమె ఒప్పుకునింది కార్డులను చూసి. నన్ను చూసి కాదు."

"మరి నువ్వు చేసినావని వాళ్ళకు చెప్పిందెవురు?"

"నాకు తెలీదు" అని రంగనాయకమ్మ ఏడ్చింది. కాటుక చెంపల మీదికి కారింది.

జానకమ్మ నమ్మలేదు. ఎట్లా నమ్ముతుంది? ఒకే కంచంలో తిని పెరిగిన పిల్ల ఇంత పని చేసింది. లాగి ఒక్కటి ఇవ్వాలనిపించింది. తాంబూలాల నాడు పెండ్లికూతురి మీద చెయ్యెత్తితే బాగుండదని ఆగింది.

నేరుగా నాయన దగ్గరికి పోయింది. వీధి అరుగు మీద మగవాళ్ళంతా, రాజధాని కర్నూలు నుంచి హైదరాబాదుకు పోయినాక మన జిల్లా గతేమిటని వాదించుకుంటున్నారు. కూతురి ముఖం చూసి నరసింహులు లేచి వచ్చాడు.

"నాయనా, నా కార్డులు గోడకు తగిలించుకొని రంగనాయకమ్మ చేసిందంటాండారు."

నరసింహులు అటూ ఇటూ చూశాడు.

"మెల్లగమ్మా. నేనూ చూస్తి."

"చూసి ఊరకుండావా?"

"ఏం చేయమంటావు? తమ్ముని బిడ్డ. ఇప్పుడు రచ్చ చేస్తే దాన్ని ఇంకెవురు చేసుకుంటారు?"

"మరి నా పని?"

"నీ పని యాడికీ పోదు తల్లీ, నీ చేతుల్లోనే ఉంది." తల నిమిరాడు. "అందుకే నిన్ను రావద్దంటి. రంజాను కార్డులు చేసుకుంటా ఇంట్లో ఉండమంటే వింటివా?"

జానకమ్మ కొంగుతో ముఖం తుడుచుకుంది.

"నేను తిరగని ఊరు లేదు. యాడ అడిగినా నీకు సంబంధం కుదరకపాయె. దానికన్నా కానీలే."

ఆ మాట అంటుంటే నాయన కండ్లలో నీళ్ళు తిరిగాయి. తన కోసం ఇంత తిరిగి అలసిపోయిన మనిషి. ఆయన్ను ఇంకా బాధపెట్టడం జానకమ్మకు చేతకాలేదు. తలూపి లోపలికి వచ్చింది.

లోపల సరస్వతమ్మ కొత్త కోడల్ని పక్కన కూర్చోబెట్టుకుంది.

"పెండ్లి శుభలేఖలు అచ్చుకు ఇయ్యద్దని చెప్పినా. మా దగ్గరోళ్ళకు పంచేవి నీ చేత్తోనే చేయాల, ఏం?"

రంగనాయకమ్మ పాలిపోయింది. బిక్కుబిక్కుమంటూ అక్క వైపు చూసింది.

చెప్పేయాలంటే ఇదే సమయం. ఒక్క మాట చాలు. జానకమ్మ ఆ మాటను నోట్లోనే నమిలి మింగింది.

"చేస్తాదిలే అత్తా. నేను పక్కన కూర్చొని చేయిస్తా."

సరస్వతమ్మ ఆమె వైపు జాలిగా చూసి, "నీకెందుకమ్మా శ్రమ" అంది.

నంద్యాల బస్సుకు టైమైంది. మగవాళ్ళు ముందు నడిచారు. ఆడవాళ్ళు బొట్టు పెట్టించుకొని ఒక్కొక్కరే బయటికి వస్తున్నారు. సరస్వతమ్మ గబగబా వచ్చి జానకమ్మ మోచెయ్యి పట్టుకుంది.

"చూసుకొని తల్లీ. గడప ఉంది. అవతల మెట్టుంది."

"కనపడతాందత్తా."

సరస్వతమ్మ చెయ్యి వదల్లేదు. గడప దాటించింది. మెట్టు కూడా దిగించింది.

"ఏందత్తా, చంటిబిడ్డను పట్టుకున్నట్ల పట్టుకుంటాండావు?"

"మనసు చిన్నబుచ్చుకోవద్దమ్మా. మీ నాయన నాకు ఎప్పుడో చెప్పినాడులే."

"ఏం చెప్పినాడు?"

"అంగట్లో ఆ కార్డులు చూసి, అవి చేసిన పిల్లే మా ఇంటికి కోడలుగా రావాలని, నిన్నే ఇయ్యమని అడిగితిమి తల్లీ. మీ నాయన కండ్లనీళ్ళు పెట్టుకొని, నా కూతురికి చూపు ఆనదు, అది పెండ్లికి పనికిరాదు, ఇవన్నీ చేసేది మా తమ్ముని కూతురు అన్నాడు."